అడుగు ముఖం

పాత కోర్టు ప్రాంగణంలో అరిగిన రాళ్లన్నీ పీకి, లక్షలు పోసి కొత్తవి పరచాలని ఇంజనీరు ప్లాను గీశాడు. మేస్త్రీ అడ్డం తిరిగాడు.

“శుద్ధ దండగ బాబూ! ఇవి మా తాత వేసిన రాళ్లు. తిరగేసి పరిస్తే చాలు. అడుగు ముఖాన ఉలి గీతలు కూడా చెరిగుండవు. ఇంకో వందేళ్లు చూసుకోనక్కర్లేదు.”

గోడమీది పలక చూపించాడు. ‘పాత రాళ్లు తీసి కొత్తవి పరచిన మేస్త్రీ’ అని తాత పేరు చెక్కి ఉంది. రోజూ పనిలోకి దిగేముందు దాన్ని కండువాతో తుడవడం అతని అలవాటు.

“సరే, ఒకటి తిప్పి చూపించు. నీ మాట నిజమైతే ప్లాను చింపేస్తా,” అన్నాడు ఇంజనీరు.

మేస్త్రీ గడ్డపార గుచ్చి ఒక రాయి లేపాడు. అడుగు ముఖం నున్నగా అరిగి, జనం నడిచిన చోట పల్లం పడి ఉంది. ఇంకోటి లేపాడు. అదీ అంతే.

“అడుగున ఎవరు నడిచారయ్యా?” ఇంజనీరు నవ్వాడు.

మేస్త్రీ గోడమీది పలకకేసి చూశాడు. తిరగేసే ఉపాయం తాతకు ఎప్పుడో తట్టింది. కొత్త రాళ్లు ఆయన తేనే లేదు.

రెండు రాళ్లనూ గబగబా మళ్లీ బోర్లించాడు.

“కొత్తవే వేయించండి బాబూ. వీటిని నేనే పగలగొట్టి కంకర చేస్తాను. కూలి వద్దు.”