పక్షపాతం లేని ప్రయాణం

“స్కేలు పెట్టి కొలిచాను. బ్యాటరీ కారు గురించి పదకొండు అంగుళాలు రాశారు, పెట్రోలు కారు గురించి ఎనిమిదిన్నర. ఇంకా పక్షపాతం లేదంటారా?” అంటూ బావ పత్రికను బల్ల మీద పరిచాడు.

బావమరిది కూడా తన సంచిలోంచి అదే సంచిక తీశాడు. అతని బాధ వేరు. పెట్రోలు కారు ‘గంభీరంగా’ ఉందట, బ్యాటరీ కారు ‘నిశ్శబ్దంగా’ ఉందట. చచ్చిపడున్నదాన్ని అన్నట్టు ఆ మాటేమిటని అతను నిలదీశాడు.

కార్ల పేజీ రాసే విలేఖరి ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఆర్నెల్లుగా ఈ ఇద్దరూ ఎడిటరుకి వారం తప్పకుండా ఉత్తరాలు రాస్తున్నారు. విలేఖరి బ్యాటరీ కంపెనీలకి అమ్ముడుపోయాడని ఒకరు, చమురు కంపెనీల దగ్గర గడ్డి కరిచాడని ఒకరు. గడ్డి కరిచిన ఆ మహానుభావుడు ఆఫీసుకి రోజూ బస్సులో నిలబడి వస్తాడు. నిన్న ఎడిటరు తేల్చి చెప్పేశాడు. ఫిర్యాదు లేదని వీళ్లిద్దరి చేత సంతకాలు పెట్టించకపోతే రేపటి నుంచి ఆ పేజీలో వంటలు వేస్తారు. వంట రాని విలేఖరి ఇంటికి పోవాల్సిందే.

ఆ మాట విన్నాక అతనికి అన్నం సయించలేదు. సాయంత్రం కార్ల మరమ్మతు షెడ్డు నడిపే తమ్ముడి దగ్గరికెళ్లి గంటసేపు గోడు వెళ్లబోసుకుని వచ్చాడు.

“కళ్లు మూసుకుని కూర్చుంటే ఏ కారో చెప్పగలరా అండీ?” అని ఇప్పుడు వాళ్లను అడిగాడు.

“నిద్రలో లేపి అడిగినా చెప్తాను,” అన్నాడు బావ.

“బావ సంగతేమో గానీ, నేను చెప్తాను,” అన్నాడు బావమరిది.

కారును చూస్తే పరీక్ష చెడిపోతుంది కాబట్టి గంతలు ఈ గదిలోనే కట్టాలి, తిరిగొచ్చాక ఈ గదిలోనే విప్పాలి అన్నాడు విలేఖరి. ఇంత నిష్పాక్షికమైన పద్ధతి మొదట్నుంచీ ఎందుకు పెట్టలేదని ఇద్దరూ మందలించారు. అతను చెరో చెయ్యీ పట్టుకుని వీధిలోకి నడిపించి, స్టూలు వేసి వెనక సీట్లోకి ఎక్కించాడు. తను స్టీరింగు ముందు కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఫోనులో “ఇక బయల్దేరదాం” అన్నాడు.

“ఎంత ఎత్తుందో చూశావా? పెట్రోలు బండి దర్జాయే వేరు,” అన్నాడు బావ.

“కింద బ్యాటరీలు పరిచారు బావా, అందుకే ఎత్తు.”

“మరి కాళ్ల కింద ఆ అదురు? అది ఇంజను కాదూ?”

“అది రోడ్డు. ముందు సీట్లో గేరు మార్చిన చప్పుడు ఒక్కసారైనా వినిపించిందా?”

“ఆటోమేటిక్,” అని తేల్చేశాడు బావ.

పావుగంట తిరిగొచ్చి గదిలో గంతలు విప్పగానే బావ విలేఖరిని మూలకి లాగాడు. “పెట్రోలే కదూ?”

“మీకు తెలియనిదా అండీ,” అన్నాడు విలేఖరి.

బావ కాగితం మీద సంతకం గీకేశాడు. “మావాడి ముందు మాత్రం అనకండి. పాపం, నొచ్చుకుంటాడు.”

తర్వాత బావమరిది బీరువా వెనక్కి పిలిచి బ్యాటరీయే కదా అని అడిగాడు. అతనికీ అదే జవాబు దక్కింది. “బావకి చెప్పకండి, పెద్దవాడు,” అంటూ అతనూ సంతకం పెట్టాడు.

విలేఖరి వాళ్లను వెనక గేటు దాకా సాగనంపి బస్సెక్కించాడు. ఆర్నెల్లలో మొదటిసారి ఆ ఇద్దరూ ఒకే సీట్లో ఒకరినొకరు జాలిగా చూసుకుంటూ కూర్చున్నారు. తన పేజీ తనకు దక్కినందుకు విలేఖరికి కళ్లు చెమర్చాయి. సంతకాల కాగితం జేబులో పెట్టుకుని, తమ్ముడికి థాంక్స్ చెబుదామని ముందు గేటు దగ్గరికి వెళ్లాడు.

తమ్ముడు లారీ పైకెక్కి కారుకి కట్టిన తాళ్లు విప్పుతున్నాడు.