ఇందులో ఏమీ వెయ్యొద్దు

“ఇది వద్దు. వెనక్కి తీసుకెళ్లండి.”

మంగతాయారుకు జర్మన్ అంతంతమాత్రమే వచ్చు. కోపం మాత్రం ఏ భాషవాడికైనా అర్థమయ్యేలా ఉంది. లారీ డ్రైవరు గొలుసులు విప్పుతూ ఆగాడు. అప్పుడే వాకిట్లో దించిన ఇనప కంటైనర్‌లోకి తొంగి చూశాడు. అడుగున గడ్డకట్టిన సిమెంటు, కుళ్లిన కార్పెట్ ముక్క, నలిగిన సిగరెట్ పెట్టెలు.

“చెత్త వేసుకోవడానికే కదమ్మా ఇది?”

“తెలుసు. శుభ్రంగా ఉన్నది కావాలి.”

డ్రైవరు పకపకా నవ్వాడు. “కడిగిన చెత్త తొట్టి అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా,” అనేసి లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

మంగతాయారు, దశరథ్ హాంబర్గ్ శివార్లలో ఈ పాత ఇల్లు కొని రెండు నెలలైంది. కింది బాత్రూం పగలగొట్టి కొత్తది కట్టించాలి. పాత యజమానులు సెల్లార్‌లో వదిలేసిన సామానంతా పారెయ్యాలి. అందుకే మధ్యరకం కంటైనర్ ఒకటి వారానికి అద్దెకు తీసుకున్నారు. పని సోమవారం మొదలు. కంటైనర్ శుక్రవారమే రావాలనీ, ఆదివారం దాటేదాకా అందులో పుల్ల కూడా పడకూడదనీ మంగతాయారు పట్టుబట్టింది.

ఆదివారం, ఇంటికొచ్చిన పెద్దాయన వెళ్లిపోతున్నాడు. ఆయన వచ్చి వారం దాటింది. హాల్లో మంచి చోటే ఇచ్చారు. సాయంత్రమైతే యూనివర్సిటీలో చదివే మన పిల్లలు వచ్చి, కాసేపు ఆయన దగ్గర కూర్చుని, పెట్టింది తిని వెళుతున్నారు. వాళ్లకు ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతోందట. అలాంటి మనిషి ఇంటికి రావడం ఆ ఇంటి అదృష్టం. సాగనంపడంలో మర్యాద తప్పితే మంగతాయారు తనను తాను క్షమించుకోలేదు.

డ్రైవరు వెళ్లాక ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి, చీపురూ సబ్బునీళ్లూ పట్టుకుని కంటైనర్‌లోకి దిగింది. జల్లు పడుతున్నా లెక్కచెయ్యలేదు.

“చేతులు పుళ్లు పడతాయే. ఇక చాల్లే,” అన్నాడు దశరథ్ కిటికీలోంచి.

“నోటితో చెప్పడం కాదు. వచ్చి మీరూ ఒక మూల రుద్దండి!”

దశరథ్ వచ్చి ఒక మూల రుద్దాడు.

శనివారం పొద్దున లేచి చూస్తే కంటైనర్‌లో పాత పరుపు. మొన్నటిదాకా అది ఎదురింటాయన గరాజ్‌లో ఉండేది. మంగతాయారు దాన్ని ఒక్కతే బయటికి లాగి, రోడ్డుకు అడ్డంగా ఈడ్చుకెళ్లి, ఆయన గేటు ముందు పడేసింది. ఆయన బయటికొచ్చాడు.

“ఖాళీగానే ఉంది కదా! ఒక్క పరుపుకే ఇంత గొడవా?”

“ఖాళీగా ఉండాలనే డబ్బు కట్టాను!”

ఆయన పరుపును గేటు లోపలికి లాక్కున్నాడు. ఆమెను చూసిన చూపు మాత్రం డ్రైవరు చూపే.

అసలు గొడవ మధ్యాహ్నం వచ్చింది. ఆమె కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి వాకిట్లో ధడేలుమని చప్పుడు. బాత్రూం పనికి సాయం వస్తానన్న దశరథ్ స్నేహితుడు భాస్కరరావు చేతులు దులుపుకుంటున్నాడు. కంటైనర్ నడిమధ్యన బాత్రూంలోని పాత కమోడ్ బోర్లా పడి ఉంది.

చేతిలో సంచి జారిపోయింది. బంగాళదుంపలు వాకిలంతా దొర్లాయి.

“ఏం చేశావన్నయ్యా! సోమవారం కదా రమ్మంది?”

“సోమవారం నాకు డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది చెల్లెమ్మా. ఎలాగూ ఖాళీయే కదా అని ఇవాళే మొదలెట్టా. మెచ్చుకుంటావనుకుంటే అరుస్తావేంటి?”

“మెచ్చుకోవాలా? ఇంట్లో ఆయన ఉండగా కమోడ్ పగలగొడతావా?”

“ఆయనేమన్నా ఆ బాత్రూంలోకి వస్తాడా?”

“తియ్యి! ముందు బయటికి తియ్యి!”

“చెత్తని చెత్తలో వేస్తే తప్పా? బావా, ఓసారి ఇటు రా! చెల్లెమ్మకేమైందో చూడు!”

దశరథ్ వచ్చాడు. కమోడ్ చూశాడు. ఎప్పుడూ గొంతు పెంచని ఆ మనిషి ముఖం కూడా ఎర్రబడింది.

“తీసెయ్ భాస్కర్.”

“నువ్వు కూడానా! ఆయన వెళ్లడానికీ, ఈ తొట్టికీ సంబంధమేంటి బావా? ఆయన ఏమన్నా అన్నాడా?”

“ఆయన అనడు,” అంది మంగతాయారు. “ఎవరేం చేసినా పల్లెత్తు మాట అనడు. అందుకే మనమే చూసుకోవాలి.”

భాస్కరరావు గొణుక్కుంటూనే కమోడ్ బయటికి మోశాడు. పింగాణీ పెంకులు ఒక్కొక్కటీ ఏరాడు. “రేపు ఆయన్ని పంపించడానికి వస్తాను. అంతే. తర్వాత మీ బాత్రూం మీరే కట్టుకోండి,” అని కారు తలుపు గట్టిగా వేసుకుని వెళ్లిపోయాడు.

“అసలు సంగతి చెప్పేస్తే పోయేదేమో,” అన్నాడు దశరథ్.

“చెబితే ఇంకా గొడవ చేస్తాడు. రేపు కళ్లారా చూస్తే కాదనలేడు.”

మంగతాయారు మళ్లీ చీపురు అందుకుంది. కమోడ్ పడిన చోట రుద్దిందే రుద్దింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఒకసారి తగిలిన మురికి కడిగితే పోతుందా? పోకపోతే మనుషులు రోజూ స్నానం చేసి ఏ ధైర్యంతో దీపం వెలిగిస్తున్నారు? అలా అనుకుని ఇంకో బకెట్ నీళ్లు కుమ్మరించింది.

ఆదివారం సాయంత్రం, నదిలో దించడానికి అనుమతి దొరకక, ఆ యూనివర్సిటీ పిల్లలంతా ఇక్కడే చుట్టూ చేరి జేజేలు కొడుతుంటే, నడుంలోతు నీళ్లు నింపిన ఆ కంటైనర్‌లోకి భాస్కరరావు తన రెండు చేతులతో మెల్లగా దించింది, హాల్లో ఇన్నాళ్లూ కొలువున్న మట్టి వినాయకుణ్ణి.