బ్రోకరు లేని బేరం

ఇల్లు కొనే పార్టీ వచ్చే వేళకి టైలరు తన పెద్ద కత్తెర తెచ్చి సోఫా దిండు కింద పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంట్లో కత్తిరించాల్సిన గుడ్డ ఏమీ లేదు.

"ఇల్లు అమ్ముతున్నామా, యుద్ధానికి వెళ్తున్నామా?" అంది భార్య, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెడుతూ.

"మరి నువ్వు పెట్టె ఎందుకు వేడి చేస్తున్నావు?"

ఆవిడ పెట్టె వేడి ఇంకాస్త పెంచింది.

నెలాఖరులోగా అప్పు కట్టకపోతే ఇల్లు వేలం వేస్తామని బ్యాంకు వాళ్ళు తేల్చి చెప్పేశారు. ఈలోగా అమ్ముకుంటే అప్పు తీరి, అద్దె ఇంటి అడ్వాన్సుకి సరిపడా మిగులుతుంది. బ్రోకరు అడిగిన రెండు శాతం ఇచ్చేస్తే అది కూడా మిగలదు. రెండు శాతం వినడానికి చిన్నదే. ఇచ్చేవాడికి తెలుస్తుంది దాని బరువు.

"ఒక్క శాతం తీసుకో తమ్ముడూ," అని టైలరు వారం రోజులు బతిమాలాడు.

"నా కడుపు కొట్టకు అన్నా. పోనీ నేను తప్పుకుంటాను, ఆ పార్టీతో నువ్వే మాట్లాడుకో," అన్నాడు బ్రోకరు. తర్వాత గొంతు తగ్గించాడు. "వదిన భయపడుతుందని చెప్పలేదు. ఇదివరకు ఓ ఇంటి బేరంలో మాట తేడా వచ్చి ఓనరు చెయ్యి నరికాడాయన. ఇప్పుడు బెయిలు మీద ఉన్నాడు. డబ్బు మాత్రం నిక్కచ్చి. నేను పక్కనుంటే పిల్లిపిల్లలా ఉంటాడు. నువ్వు మాత్రం ఈ సంగతి ఆయన దగ్గర ఎత్తకు."

టైలరుకి పార్టీ ఇల్లు చూడటానికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఎత్తైన మనిషి. గదులన్నీ తిరిగినంతసేపూ పెదవి విప్పలేదు. టైలరు వంటగది చూపిస్తుంటే, వంటగదిని వదిలేసి టైలరు చేతుల వంకే చూశాడు.

అలాంటి మనిషి నిన్న ఫోన్ చేశాడు. గేటు మీది బోర్డు చూసి నంబరు రాసుకున్నాడట.

"మధ్యలో ఆయనెందుకండీ, మనం మనం మాట్లాడుకుందాం. ఆయన నా దగ్గరా రెండు శాతం అడుగుతున్నాడు," అన్నాడు. గొంతు వణుకుతోంది. తాగి ఉన్నాడనుకున్నాడు టైలరు. వద్దని చెప్పబోయాడు. అద్దె ఇంటి అడ్వాన్సు గుర్తొచ్చి సరే అనేశాడు.

కాలింగ్ బెల్లు మోగింది.

పార్టీ హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చాడు. సోఫా చూపిస్తే కూర్చోలేదు. గుమ్మం పక్కనున్న కుర్చీని గోడకి ఆనించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సంచి, సంచిలో కుడి చెయ్యి.

భార్య మంచినీళ్ళు తెచ్చింది.

"ముందు మీరు తాగండి," అన్నాడు టైలరుతో.

టైలరు సగం గ్లాసు తాగాడు. మిగతా సగాన్ని ఆ మనిషి ముట్టుకోలేదు.

"హెల్మెట్ తీసి హాయిగా కూర్చోండి."

"పర్వాలేదండీ. అలవాటే."

ఇంట్లో హెల్మెట్ పెట్టుకునే అలవాటు ఎలాంటివాళ్ళకి ఉంటుందో టైలరు ఆలోచించదలుచుకోలేదు. "రేటు సంగతి ఏమనుకున్నారు?" అన్నాడు.

"కాస్త తగ్గించాలి. మీరు కోప్పడనంటే ఎంతో చెప్తాను."

ఆ మర్యాదకి టైలరు పై ప్రాణాలు పైనే పోయాయి. అరిచేవాడైతే ఎదురు అరవొచ్చు, ఇలా మెత్తగా మాట్లాడేవాడిని ఏం చేస్తాం? చెయ్యి దానంతటదే దిండు కిందికి వెళ్ళింది. దిండు పక్కకి జరిగింది. కత్తెర పిడి బయటపడింది.

హెల్మెట్ లోపలి కళ్ళు దాన్ని చూశాయి. సంచిలోంచి సుత్తి బయటికొచ్చింది.

ముందు ఎవరు లేచారో భార్య తర్వాత ఎవరికీ చెప్పలేకపోయింది. సుత్తి వచ్చి టైలరు కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వంటింటి దాకా వినిపించింది. కత్తెర ఎడం చేతికి మారింది. ఎడం చేత్తో ఏనాడూ కత్తెర పట్టి ఎరగని మనిషి, దాన్ని పిడిదాకా ఎదుటివాడి డొక్కలో దించాడు. భార్య ఇస్త్రీ పెట్టె ఎత్తి హెల్మెట్‌కీ చొక్కా కాలరుకీ మధ్య నొక్కిపెట్టింది. గది నిండా కమురు వాసన. సుత్తి మళ్ళీ లేచి టైలరు మూతి పగలగొట్టింది. పళ్ళు నేల మీద రాలాయి.

"ఇల్లొద్దండీ," అని అరిచాడు పార్టీ. "నాకు ఏ ఇల్లూ వద్దు, వదిలెయ్యండి."

టైలరు వినే స్థితిలో లేడు. కత్తెర లాగి మళ్ళీ పొడిచాడు. ఆ మనిషి గోడ వెంట జారి, కూలబడ్డవాడు కూలబడ్డట్టే ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర బ్రోకరు గొంతు వినిపించింది. పార్టీ బండి ఈ ఇంటి ముందు ఉందని ఎవరో అతని చెవిన వేశారు. "ఇద్దరూ ఒక్కటై నా నోట్లో మట్టి కొడతారా? నా రెండు శాతం ఇక్కడ పెట్టి మరీ కదలండి," అని తిట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి అక్కడే చతికిలబడ్డాడు.

ఎస్సై వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడు. ఎస్సై శవం తల మీంచి హెల్మెట్ తీయించాడు. మెత్తని మొహం, చెమ్మగా ఉన్న కళ్ళు.

"ఎవడు వీడు?"

"బెయిలు మీద ఉన్నవాడు సార్," అన్నాడు టైలరు, నెత్తురు ఉమ్ముతూ. "బేరంలో ఒకాయన చెయ్యి నరికాడు. కావాలంటే ఇతన్ని అడగండి."

ఎస్సై బ్రోకరు వైపు తిరిగాడు.

"చిన్న పిల్లలకి పాటలు నేర్పే మాస్టారు సార్," అన్నాడు బ్రోకరు, "పార్టీలు నేరుగా కలిసి నా కమీషన్ ఎగ్గొట్టకుండా ప్రతి బేరంలో చెప్పే మాటే చెప్పాను, ఈయనకేమో ఆయన ఎవరిదో చెయ్యి నరికాడని, ఆయనకేమో ఈయన ఎవరిదో పీక కోశాడని."