గురి మారిన క్రిమి

“ఇదొక్కటీ ఉంచండమ్మా,” అంది సుబ్బరావమ్మ.

గుంటూరులోని ఆ ల్యాబ్‌లో పాత ఫ్రీజర్ పాడైంది. కొత్తది చిన్నది. చోటు చాలక, పాత క్రిముల ట్యూబులు మూడు వందల దాకా పారేస్తున్నారు. వాటిని ఆవిరిలో ఉడికించి చంపడం, గాజు సామాను కడగడం సుబ్బరావమ్మ పని. మిగిలినవన్నీ మారుమాట లేకుండా ఆవిరి యంత్రంలో పెట్టేసింది. పదిహేడో నంబరు ట్యూబు మాత్రం గుప్పిట్లో పట్టుకుని పరిశోధకురాలు షమీమ్ ముందు నిలబడింది.

“అది ఎందుకూ పనికిరాదు పిన్నిగారూ. అది తయారుచేసే ప్రోటీన్ దాని సొంత జాతి క్రిముల్నే చంపుతుంది. వేరేవాటి జోలికి పోదు. నేను రాకముందే పరీక్ష చేసి పక్కన పెట్టేశారు.”

“పనికిరాకపోయినా ఉంచండి. మా పెదకాకానిది.”

షమీమ్‌కు నవ్వొచ్చింది. మిరపచేల మట్టిలో దొరికినవీ, ఆసుపత్రుల నుంచి వచ్చినవీ ఆ పెట్టెల్లో కలిసే ఉండేవి. సొంత ఊరి మట్టి మీద మమకారం కాబోలు అనుకుని, సరేనంది.

సుబ్బరావమ్మకు ఊళ్లో రెండెకరాల మిరపచేను ఉంది. దాన్ని కౌలుకిచ్చేసి, రోజూ బస్సెక్కి వచ్చి ఇక్కడ గాజు గొట్టాలు కడుగుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ట్యూబులోది చచ్చిపోకుండా షమీమ్ అప్పుడప్పుడూ కొత్త ప్లేటులో పెంచేది. ఆ రోజు సుబ్బరావమ్మ చేతులు తుడుచుకుని వచ్చి నిలబడేది.

“బతికే ఉందా?”

“బతికే ఉంది.”

అంతే. వెళ్లి మళ్లీ పనిలో పడేది.

ఆగస్టులో ఆసుపత్రి నుంచి అనూష అనే రోగి గాయంలోని చీము పరీక్షకు వచ్చింది. సింగరాయకొండ అమ్మాయి. ఇరవై రెండేళ్లు. పత్తి మిల్లులో కాలు నలిగింది. గాయానికి పట్టిన క్రిమి ఏ మందుకూ లొంగడం లేదు. కాలు తీసేసినా బతుకుతుందని చెప్పలేమన్నారు డాక్టర్లు. అనూష తల్లి ల్యాబ్ దాకా వచ్చి మెట్ల మీద కూలబడింది. సుబ్బరావమ్మ టీ తెచ్చిచ్చి, పక్కనే కూర్చుంది.

షమీమ్ తన దగ్గరున్న క్రిములన్నిటినీ అనూష క్రిమి మీద పరీక్షించింది. మూడో రోజు ఒక ప్లేటులో, ఆ క్రిమి చచ్చినచోట గుండ్రంగా ఖాళీ పడింది. నంబరు చూసి నమ్మలేక మళ్లీ చేసింది. మళ్లీ పదిహేడే. ఎందుకో తేల్చడానికి దాని జన్యువుల్ని పరీక్ష చేయించింది.

“పిన్నిగారూ, చూడండి! దీని జన్యువులో ఒక ముక్క తెగి, తిరగబడి అతుక్కుంది. దాంతో ప్రోటీన్ కొస మారిపోయింది, గురి కూడా మారింది. ఇప్పుడు సొంత జాతిని వదిలేసి, ఆ పిల్లని తినేస్తున్న క్రిమిని చంపుతోంది.”

సుబ్బరావమ్మ ప్లేటు మీదికి వంగి చూసింది.

“మారిపోయిందంటే... ఇంక ఇది అది కాదా అమ్మా?”

“అదే పిన్నిగారూ. ఒక్క ముక్క తిరగబడిందంతే.”

సుబ్బరావమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

ప్రోటీన్‌ను వేరుచేసి, అనుమతులు తెచ్చుకుని, డాక్టర్లు గాయానికి వాడారు. పదో రోజుకు అనూష జ్వరం దిగింది. కాలు దక్కింది.

షమీమ్ సంగతంతా చెప్పడంతో వాళ్లమ్మ మళ్లీ వచ్చింది. వచ్చి సుబ్బరావమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

“నువ్వు దాచబట్టే నా కూతురు నాకు మిగిలింది వదినా.”

“నడుస్తోందా?”

“కర్ర పట్టుకుని నడుస్తోంది.”

“నడవనీ,” అంది సుబ్బరావమ్మ. సింకు వైపు తిరిగి, కుళాయి విప్పింది. కడగడానికి సింకులో ఏమీ లేదు.

ఆ సాయంత్రం నివేదిక రాయడానికి కూర్చున్న షమీమ్‌కు ఆ క్రిమి ఎక్కడ దొరికిందో రాయాల్సి వచ్చింది. పాత రిజిస్టరు తీసింది.

పెదకాకానిలో ఏ చేలోదో చూద్దామని తెరిచిన పేజీలో, పదిహేడో నంబరు ఎదురుగా, ‘రోగి రక్తం నుంచి, అఖిల, పంతొమ్మిదేళ్లు, ఈ క్రిమి వల్లే మరణం, తల్లి సంతకం: సుబ్బరావమ్మ’ అని ఉంది.