ఎవరి మనిషి?

తడి చెప్పులతో మళ్ళీ లోపలికొచ్చాడు ముసలాయన.

లైబ్రేరియన్‌కి ఒళ్ళు మండింది. అప్పుడే తుడిపించిన నేల మీద, మెట్ల దాకా చెప్పుల అచ్చులే.

ఒకప్పుడది లాంచీల రేవు. వంతెన కట్టాక లాంచీలు ఆగిపోయి, ఆ భవనం ఉప్పు గోడౌన్ అయింది. తర్వాత ఫంక్షన్ హాలు. ఇప్పుడు లైబ్రరీ. ఆరేళ్ళు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి సాధించిందామె. ఎల్లుండే ప్రారంభం. పిల్లల పుస్తకాలు నాలుగు వేలు, చిన్న చేతులకి అందాలని అన్నీ కింది అరల్లోనే సర్దించింది.

ఈయనేమో నెలకి నాలుగుసార్లు చెప్పాపెట్టకుండా వచ్చి మెట్ల కింద గదిలో దూరతాడు.

"తాతగారూ, మిమ్మల్ని ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదమ్మా. రేపు పౌర్ణమి, పోటు ఎక్కువ. కింద తూము మూసేసి వెళ్ళిపోతాను."

ఇంజనీరు అన్నీ చూసే సంతకం పెట్టాడని ఆమె చెప్పింది. ఆయన చూసింది పై కాలవలని, ఇది నేల కిందదని ముసలాయన అన్నాడు. చెప్పిందే చెప్పి ఆమె ప్రాణం విసిగిపోయింది.

"మీరు ఎవరి మనిషో వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. ఇక్కడికి మాత్రం రాకండి."

ఆయన వచ్చిన దారినే బయటికి నడిచాడు.

ఆమె మెట్ల కింద గదికి తాళం వేయించి, పీడ విరగడైందనుకుంది.

మర్నాడు ఉదయం వచ్చేసరికి హాల్లో మోకాలి లోతు నీళ్ళు. పిల్లల పుస్తకాలు ఉబ్బిపోయి అరల్లో బిగుసుకున్నాయి. ఒకటి గట్టిగా లాగితే అట్ట చేతికొచ్చింది. మెట్ల మీద కూలబడి ఏడ్చింది.

ఆయన్ని వెతుకుదామంటే పేరు తెలీదు, ఇల్లు తెలీదు. ఫంక్షన్ హాలు నడిపినాయనకి ఫోన్ చేసింది. గోడౌన్ వాళ్ళ మనిషేమో అనుకుని వదిలేశాడట. గోడౌన్ వాళ్ళేమో రేవు మనిషనుకున్నారట. అలా అనుకోవడంలోనే ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి.

చివరికి రేవులో టికెట్లు ఇచ్చిన గుమాస్తా ఇల్లు పట్టుకుంది.

"అప్పట్లో మీ దగ్గర తూము చూసిన పెద్దాయన ఎక్కడుంటారండీ?"

"మా దగ్గర ఆ ఉద్యోగమే లేదమ్మా. ఆయన రోజూ అవతలి ఒడ్డుకి వెళ్ళే ప్రయాణికుడు, లాంచీ వచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని తనే మూసేవాడు."