మా ఆయన పేరు

"నా పేరు నీ నోట్లోంచి రావడానికి ముగ్గురు జడ్జీలు దిగాల్సొచ్చిందే!" అని మా ఆయన పడీపడీ నవ్వాడు.

పై కోర్టులో ముగ్గురు జడ్జీల తీర్పు ఇవాళే వచ్చింది. అమెరికాలో ఆశ్రయమిమ్మని మేం వేసుకుంటే కింది కోర్టు కొట్టేసిన అసైలం కేసును మళ్ళీ వినమన్నారు.

కేసు పోవడానికి కారణం నేనే. వేరే కులంవాణ్ణి చేసుకున్నందుకు మా అన్నలు ఇద్దర్నీ చంపుతారని చెబుతుంటే, మొదటి జడ్జిగారు "నీ భర్త పేరేమిటి?" అని అడిగారు. అయిదో తరగతి తెలివి కదా, వెనక బెంచీ చూపించి "ఆయనే" అన్నాను. మళ్ళీ అడిగితే "మా ఆయన" అని వివరించాను. కాగితాల్లో ఉన్న పేరు కూడా చెప్పలేని మనిషి పెళ్ళిని నమ్మలేమని రాసేశారు.

అప్పీలులో మా లాయరమ్మ, భర్త పేరు పలకకపోవడం మా ఆచారమని వాదించింది. నేను గంగిరెద్దులా తలూపాను. మేముండే చాండ్లర్ ఊళ్ళో తెలుగు ఆంటీలు, "ఇంకా ఏ కాలంలో ఉన్నావమ్మా!" అని ఏడిపించారు.

"కోర్టులో మళ్ళీ అడుగుతారు. ఏదీ, ఒకసారి ప్రాక్టీస్ చెయ్యి" అన్నాడు మా ఆయన.

లేచి తలుపు గడియ పెట్టాను. కిటికీ కర్టెన్ లాగాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

ఆచారమూ లేదు, పాడూ లేదు. మా అమ్మ నాన్నను రోజూ పేరు పెట్టే తిట్టేది. మేం పారిపోయాక మా అన్నలు, వాడి పేరేమిటని అడుగుతూ కత్తులతో ఊరూరా తిరిగారు. ఎవరడిగినా చెప్పకూడదని అప్పుడే నేర్చుకున్నాను. జడ్జిగారూ అదే అడిగారు మరి.

"ఏసురత్నం" అన్నాను, ఆయనకు మాత్రమే వినపడేలా.