దండలాట

“దండ మీద చెయ్యి పడిందంటే ఊరుకోను,” అంటూ వాసుగి చెప్పులు గుమ్మంలో విడిచి, తిన్నగా హాలు మధ్యకొచ్చి కూతురికి అడ్డంగా నిలబడింది.

అప్పటికే దండ ఎత్తిన ఆస్ట్రేలియా మనిషి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. పీట మీద నిలబడ్డ కయల్ తల పట్టుకుంది. సింగపూర్‌లో ఇంతమంది ఆర్టిస్టులుండగా, కన్నతల్లి చేతిలో ప్రదర్శన పాడుచేయించుకునే యోగం తనకే పట్టింది.

“అమ్మా, ఇది ఆర్టు,” అంది మెల్లగా. “వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ నాతో మూడుసార్లు దండలు మార్చుకుని వెళ్ళిపోతారు. అంతే.”

“మూడుసార్లు మారితే పెళ్ళంటారే దాన్ని. గోడ మీద అమ్మవారిని గీశావు. పక్కనే చైనావాళ్ళ దేవత క్వాన్ యిన్ తల్లిని కూర్చోబెట్టావు. ముందు దీపం కూడా పెట్టావు. వాళ్ళిద్దరూ ఎదురుగా ఉండి చూస్తుంటే, ఇది ఆర్టో గీర్టో వాళ్ళకేం తెలుస్తుంది?” అని వాసుగి ఆస్ట్రేలియా అతని వైపు తిరిగింది. “నీకు పెళ్ళయిందా బాబూ?”

“అయింది ఆంటీ.”

“మరి రెండో పెళ్ళికి మీ ఆవిడ ఒప్పుకుందా?”

అతను దండని జాగ్రత్తగా బుట్టలో పెట్టేశాడు. వెనకనున్న చైనీస్ పెద్దాయన సంతోషంగా ముందుకొచ్చాడు. “నా భార్య పోయి చాలా ఏళ్ళయింది. నాకే అడ్డూ లేదు.”

“మీకు లేకపోయినా నాకుంది అంకుల్. ఆ కుర్చీలో కూర్చోండి, నడుం నొప్పెడుతుంది.”

జనం పగలబడి నవ్వారు. ఇదీ ప్రదర్శనలో భాగమేననుకుని ఫోన్లు పైకెత్తారు. గ్యాలరీ నడిపే రిజాల్ మాత్రం చెమటలు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

“ఆంటీ, పేపరువాళ్ళు కూడా వచ్చారు.”

“రానీ బాబూ, ఫోటోలు తియ్యమను. కాస్త ఆ ఫ్యాను ఇటు తిప్పు,” అని వాసుగి దండల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పొదిగే కోడిలా పీట పక్కనే చతికిలబడింది.

కయల్ ఏడుపు ఆపుకుంది. అమ్మకు చెప్పింది అబద్ధం మరి. వరసలో అందరికన్నా చివర, ఎర్ర గౌనులో హుయిషాన్ నిలబడి ఉంది. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిని ఆ ఊళ్ళో ఏ ఆఫీసూ రాసుకోదు. అందుకే ఇద్దరూ కలిసి ఈ ఎత్తు వేశారు. పదిమందితో దండలు మార్చుకుని, ఆ గుంపులో పనిలో పనిగా హుయిషాన్‌తోనూ మార్చుకుంటే దేవతలు చూస్తారు, జనం చప్పట్లు కొడతారు, ఇళ్ళలో ఎవరికీ తెలియదు. అమ్మ లెక్కలో హుయిషాన్ వెనకగదిలో అద్దెకుండే పిల్ల. హుయిషాన్ తల్లి లెక్కలో కయల్ కూతురి స్నేహితురాలు. అంతకుమించి చెప్పే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది. హాలు ఇచ్చింది ఈ ఒక్క పూటకే. ఇది తప్పితే మళ్ళీ ఎప్పటికో.

కాసేపటికి వరస పలచబడింది. హుయిషాన్ గుండె చిక్కబట్టుకుని ముందుకొచ్చింది.

“ఆంటీ, నేను మార్చుకుంటాను. నేను ఇంటిపిల్లనే కదా, దోషముండదు,” అంది, నవ్వు తెచ్చిపెట్టుకుని.

వాసుగి ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. “నువ్వసలే వద్దు. పోయి అటు కూర్చో.”

కయల్ తల్లి మొహంలోకి చూసింది. పరాయివాళ్ళని సరదాగా తోలేసిన మనిషి, హుయిషాన్ దగ్గరికొచ్చేసరికి మొహంలో నవ్వన్నది లేకుండా మాట్లాడింది. అంటే అమ్మకు అర్థమైపోయింది. ఇక దాచి ఏం లాభం అనిపించింది.

“అమ్మా, హుయిషాన్ అద్దెకున్న పిల్ల కాదు.”

వాసుగి గుమ్మం వైపు చూస్తూనే జవాబిచ్చింది. “అద్దె ఎప్పుడిచ్చింది గనక.”

“నేను చెప్పేది విను. తనంటే నాకు ప్రాణం. ఇవాళ ఇక్కడ పెళ్ళాడదామనుకున్నది తననే. నువ్వు దీవించకపోతే మానె, మమ్మల్ని ఆపకు.”

“ఆపుతాను.”

“ఎందుకాపుతావు?”

“ముందు ఆ కళ్ళు తుడుచుకో. కాటుకంతా కారుతోంది.”

కయల్‌కి ఒళ్ళు మండింది. వంగి అమ్మ ఒళ్ళోని బుట్టలోంచి ఒక దండ లాక్కుంది. హుయిషాన్ రెండోది అందుకుంది. వాసుగి మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి ఒక్క ఉదుటున లేచి, ఇద్దరి మధ్యా చేతులు చాచి నిలబడిపోయింది. చప్పట్లతో హాలు మారుమోగింది. పేపరువాళ్ళు కుర్చీలెక్కారు.

సరిగ్గా అప్పుడే అద్దాల తలుపుని భుజంతో తోసుకుని ఒక చైనీస్ ఆవిడ వగరుస్తూ లోపలికొచ్చింది. పళ్ళ మధ్య కారు తాళంచెవి. ఒక చేతిలో చిన్న చిన్న కప్పులు. ఇంకో చేతిలో, వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిరోజున మాత్రమే బయటికి తీసే ఎర్ర టీ కెటిల్.

“మమ్మీ, నువ్వెందుకొచ్చావు?” అంది హుయిషాన్. దండ చేతిలోంచి జారబోయింది.

వాసుగి చాచిన చేతులు దించి, హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని ఆవిడకి ఎదురెళ్ళింది.

“ఈ పెళ్ళికూతుళ్ళని ఎంతసేపని ఆపను? కారు పెట్టి రావడానికి ఇంత ఆలస్యమా, వదినగారూ?”